గాజుతొట్టిలో నీటి నడక

భద్రాచలమున రాములవారి దర్శనము చేసికొన్న యాత్రికులు పెక్కుమంది, అచటికి సుమారు 35 కిలోమీటర్ల దూరమున నున్న మా పర్ణశాలకును వత్తురు. సీతవాగు ఒడ్డున నిలిచి, సీతమ్మ నారచీరలు ఆరవైచిన గుర్తులని పెద్దలు చెప్పు రాతిచారలను చూచి, గోదావరిలో కాళ్ళు కడుగుకొని వెడలిపోవుదురు. వారి కంటబడని పని యొకటి కలదు. ఈ మన్యపు గ్రామముల ఆడవారు తరతరములుగా దానిని చేయుచు వచ్చిరి. వేసవిలో వాగు సన్నగిలినపుడు వారు ఇసుకలో మోచేతి లోతు గుంట తీయుదురు. దానినే చెలమ యందురు. మొదట ఊరిన బురదనీటిని చిప్పతో తోడి పారబోయుదురు. పిమ్మట ఊరు నీరు అద్దమువలె తేటగా నుండును. నాలుగు బిందెలు నిండిన తరువాత ఊట మందగించినచో వారు కంగారుపడరు. గుంటను తలక్రిందులుగా త్రవ్విపోయరు. ఇసుక మీద పేరుకొన్న మెత్తని ఒండ్రుపొరను మాత్రము చేతితో మెల్లగా తీసివైతురు. నీరు మరల ఊరుట మొదలిడును.

నేటి మా ప్రసంగమునకు విషయము చెలమ కాదు. ఇంటి ముందుగదిలో చేపలను పెంచు గాజుతొట్టి. కాని ఆ తొట్టికి తగిలించు ఫిల్టరు చెలమకు చెల్లెలే. అందు నీటి నడక మందగించినపుడు ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయరాదో, చెలమయొద్దనే నేర్చుకొనవచ్చును. మేము ఆ పాఠమును ఆలస్యముగా నేర్చుకొంటిమి. ఆ ఆలస్యమునకు మా చేపలు బలియైనవి.

2022వ సంవత్సరము జూలై నెలలో గోదావరి భద్రాచలమువద్ద 71.3 అడుగులకు పెరిగినది. అచట 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఇత్తురు. కావున ఆ వరద ఎంతటిదో ఊహింపవచ్చును. పర్ణశాలలో నారచీరల చోటు నీట మునిగినది. వరద తీసిన తరువాత కూడ కొన్ని వారములు మాకు దొరకిన నీటిలో ఒండ్రు కలిసియే యుండెను. ఆ నీటినే పేటవేసి తొట్టిలో పోయుచు వచ్చితిమి. అడుగు వెడల్పు, అడుగు లోతు, రెండడుగుల పొడవు గల చిన్న తొట్టి అది. అందు బంగారు చేపలు మూడు, పిల్లలు వాగులో పట్టి తెచ్చిన పరకలు అయిదారు ఉండెను. కొలది దినములలో ఫిల్టరు నోటినుండి చేతిలావున పడవలసిన నీరు దారమువలె సన్నగిలినది.

మేము వెంటనే ఫిల్టరును విప్పి, లోపలి స్పాంజిని కుళాయి క్రింద పట్టి, తెల్లబడువరకు పిండి పిండి కడిగితిమి. ఆ కుళాయి నీటిలో బ్లీచింగు వాసన గుప్పుమనుచుండెను. స్పాంజి వెనుకనున్న పింగాణి ముక్కలను గూడ రుద్ది, ఎండలో ఆరబెట్టితిమి. మరల బిగించి స్విచ్చి వేయగా నీరు ఉరకలు వేసినది. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. మూడవనాడు చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచి మూసికొనుచుండెను. అయిదవనాటి ఉదయమున రెండు బంగారు చేపలు వెల్లకిల పడి తేలుచుండెను. యంత్రము దివ్యముగా పనిచేయుచున్నది. చేపలు మాత్రము చనిపోయినవి.

తప్పు ఎచట జరిగినది? ఫిల్టరనగా జల్లెడయని మేము భావించితిమి. జల్లెడను ఎంత శుభ్రముగా కడిగిన అంత మేలు. కాని ఫిల్టరు జల్లెడ మాత్రమే కాదు. అది ప్రాణమున్న చేను వంటిది.

చేపలు తమ మొప్పల ద్వారా అమ్మోనియాను నీటిలోనికి విడుచును. మిగిలిన మేత కుళ్ళినను అదియే పుట్టును. నదిలో నీరు అపారము. తొట్టిలో నీరు గుప్పెడు. అమ్మోనియా కొంచెము పెరిగినను మొప్పలు మండి, చేపకు ఊపిరి అందదు. ఈ విషమును విరుచునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. వానిలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగను, వేరొక తెగ నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటు కూడ చేపలకు విషమే. నైట్రేటు మాత్రము చాలవరకు సాధువు. ఈ జీవులు నీటిలో తేలుచు తిరుగుట కంటె, స్పాంజి రంధ్రములను, పింగాణి ముక్కలను, ఇసుకరేణువులను పట్టుకొని జిగురుపొరగా బ్రతుకుటకే ఇష్టపడును. వానికి ప్రాణవాయువు ఎడతెగక అందవలెను. దానిని మోసికొనిపోవునది ప్రవాహమే. కావున ప్రవాహము తగ్గుట యనగా నీరు మురికియగుట మాత్రమే కాదు; ఆ చేను ఎండిపోవుట.

ఈ సంగతిని 1877లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ష్లోసింగు, మ్యుంట్సు అనువారు ఋజువు చేసిరి. వారు ఇసుకయు సున్నపురాయియు నింపిన గొట్టము గుండ మురుగునీటిని మెల్లగా పోనిచ్చిరి. మొదటి దినములలో విశేషమేమియు లేదు. సుమారు ఇరువది దినముల తరువాత, క్రిందికి దిగిన నీటిలో అమ్మోనియా పోయి నైట్రేటు కనబడ మొదలిడినది. అంతట వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపిరి. మార్పు ఆగిపోయినది. ఆవిరిని తొలగించి, తోటమట్టి కడిగిన నీటిని కొంచెము కలుపగా, కొంతకాలమునకు మరల మొదలైనది. అనగా ఆ పనిని చేయునది ఇసుక కాదు, ఇసుకను ఆశ్రయించిన జీవము. పారిసులో వారు క్లోరోఫారముతో చేసిన పనిని, పర్ణశాలలో మేము బ్లీచింగు నీటితో తెలియక చేసితిమి.

ఇక నీటి నడక ఏల తగ్గునో చూతము. 1856లో ఫ్రాన్సు దేశపు దిజాన్ నగర జలయంత్ర నిపుణుడు హెన్రీ డార్సీ ఇసుకలో నీటి పోకను కొలిచి, ఒక సూత్రమును ప్రకటించెను. నీటిని నెట్టు ఒత్తిడి ఎంత హెచ్చినచో ప్రవాహము అంత హెచ్చును; ఇసుకపొర ఎంత మందమైనచో అంత తగ్గును; రేణువుల సందులు మూసికొనుకొలది ఇంకను తగ్గును. ఫిల్టరులోని సమస్త రోగములును ఈ మూడింటిలో ఇమిడియున్నవి. నెట్టుబలమైన తగ్గి యుండవలెను; దారియైన పొడవై యుండవలెను; లేదా దారి మూసికొనియైన యుండవలెను. దేనియందు లోపమో తెలిసికొనక అన్నిటిని ఒక్కమారు విప్పువాడు రోగిని చూడక మందు పోయు వైద్యునివంటివాడు.

రోగమును గుర్తించుటకు ముందు ఆరోగ్యము ఎట్లుండునో తెలిసియుండవలెను. ఫిల్టరు క్రొత్తగా నున్నపుడే దాని ప్రవాహమును కొలిచి, ఆ సంఖ్యను తొట్టి ప్రక్కన వ్రాసి యుంచుకొనుట మంచిది. పని సులభము. లీటరు కొలపాత్రను నీరు పడుచోట పట్టి, అది నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో గడియారమున చూడవలెను. 3600ను ఆ సెకండ్లతో భాగించినచో గంటకు ఎన్ని లీటర్లో వచ్చును. మా తొట్టివంటి దానిలో సుమారు 57 లీటర్ల నీరు పట్టును. గంటకు నాలుగైదు మారులు తొట్టినీరంతయు ఫిల్టరు గుండ తిరుగవలెనని చేపలు పెంచువారి వాడుక. అనగా లీటరు పాత్ర పదమూడు సెకండ్లలో నిండినచో మాకు చాలును. డబ్బామీద అచ్చువేసిన లీటర్ల లెక్కను నమ్ముకొనరాదు. అది సాధారణముగా స్పాంజి లేకుండ, నీటిని పైకెత్తు పని లేకుండ కొలిచిన లెక్క. ఇంట బిగించిన తరువాత అంతకంటె చాల తక్కువ వచ్చుట సహజమే.

పదమూడు సెకండ్లలో నిండిన పాత్ర ఇరువది సెకండ్లు తీసికొనుచున్నదనుకొందము. అపుడు నీరు నడచు దారి వెంబడి మనమును నడువవలెను. అంతకు ముందు స్విచ్చి ఆర్పుటయే కాక, ప్లగ్గును ఊడదీయవలెను. ప్లగ్గు లాగక తొట్టిలో చేయి పెట్టరాదు. ఇది పిల్లలకు ముందుగా నేర్పవలసిన మాట. తీగ తొట్టినుండి తిన్నగా ప్లగ్గునకు పోకుండ, మధ్య క్రిందికి ఒక ఉయ్యాలవలె వ్రేలాడవలెను. తీగవెంట జారు నీటిచుక్క ఆ వంపున రాలిపోవును గాని ప్లగ్గులోనికి పోదు.

మొదట తొట్టి నీటిమట్టమును చూడవలెను. మే నెలలో మా ప్రాంతపు ఎండకు తొట్టినీరు దినదినమును ఇగిరిపోవును. మట్టము తగ్గినచో, అంచుకు తగిలించు ఫిల్టరు నీటిని మరింత ఎత్తునకు లాగవలసివచ్చును. పీల్చునోరు బయటపడినచో గాలిని మ్రింగి గురగురలాడును. రెండు చెంబుల నీరు పోసినంతనే తీరిపోవు ఇట్టి లోపమునకై యంత్రమును విప్పువారు కలరు.

రెండవది, నీటిని పీల్చు జాలీ. రాలిన ఆకు, నత్తగుల్ల, ఒక్కొక్కపుడు చచ్చిన చిన్నచేప దానికి అడ్డుపడును. మూడవది, గొట్టము. ఎచటనైన నొక్కుకొని మెలిపడినదేమో చూడవలెను. బయటికి బాగుగనే కనబడు గొట్టము లోపల గోధుమరంగు జిగురు పట్టియుండవచ్చును. వెడల్పు కొంచెము తగ్గినను ప్రవాహము అంతకు మించి తగ్గును. సీసాలు కడుగు పొడుగుపాటి బ్రష్షుతో దీనిని తోమవచ్చును. నాలుగవది, నీరు బయటికి వచ్చు నోరు. సన్నని రంధ్రములున్న గొట్టమైనచో వెలుతురు తగులుచోట నాచు పట్టి, రంధ్రములు ఒకటొకటిగా మూసికొనిపోవును. పళ్ళుతోము పాత బ్రష్షు దానికి చాలును.

ఇవన్నియు సరిగా నున్నచో ఒక చిన్న పరీక్ష చేయవలెను. స్పాంజిని తీసి ఒక గిన్నెలోని తొట్టినీటిలో నుంచి, ఉత్త ఫిల్టరును నిమిషము సేపు నడిపి, లీటరు పాత్రతో మరల కొలువవలెను. ప్రవాహము మునుపటివలె వచ్చినచో దోషము స్పాంజిది. రాకపోయినచో దోషము పంపుది. ఈ ఒక్క పరీక్ష సగము తిరుగుడును తప్పించును.

పంపును గూర్చి చాలమందికి ఒక అపోహ కలదు. నీరు తగ్గినంతనే, పంపు పాతబడి అలసినదని క్రొత్తది కొనుటకు బయలుదేరుదురు. ఇండ్లలో సామాన్యముగా వాడు ఏ.సి. పంపులో అయస్కాంతపు కడ్డీకి తగిలించిన చిన్న రెక్కల చక్రముండును. దానిని ఇంపెల్లరందురు. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులు గలది. ఆ అయస్కాంతము విద్యుత్తుతో అడుగు కలిపి సెకండునకు 50 చుట్లు, అనగా నిమిషమునకు 3000 చుట్లు తిరుగును. తిరిగినచో అదే వేగమున తిరుగును. లేనిచో ఆగిపోయి రొదచేయును. అలసి మెల్లగా నడచుట దాని స్వభావము కాదు. కావున పంపు తిరుగుచుండియు నీరు తగ్గినచో రెక్క విరిగినదో, రెక్కలలో చెత్త చిక్కుకొన్నదో, లేదా దారిలో అడ్డున్నదో యని వెదకవలెను. పంపు మూలుగుచు తిరుగకున్నచో ఇంపెల్లరును బయటికి లాగి చూడవలెను. తలవెంట్రుక కడ్డీకి చుట్టుకొనియుండును. ఇసుకరేణువు గుంటలో చిక్కియుండును. లేదా బోరునీటిలోని సున్నము తెల్లని పెచ్చుగా కట్టియుండును. ఇంపెల్లరును కొంతసేపు నిమ్మరసములోనో వెనిగరులోనో నానవైచినచో ఆ పెచ్చు కరగును. మంచినీటితో బాగుగ కడిగి మరల బిగింపవలెను. కరెంటు పోయి వచ్చినపుడు కొన్ని పంపులు ఇట్టి చిన్న అడ్డంకివల్లనే మరల కదలవు. కావున కరెంటు రాగానే నీరు పడుచున్నదా యని కంటితో చూచుకొనవలెను.

తొట్టి క్రింద నుంచు మూతడబ్బా ఫిల్టరులో మరియొక చిక్కు కలదు. కడిగి బిగించిన తరువాత లోపల గాలి నిలిచిపోవును. పంపు గాలిని నెట్టలేదు. డబ్బాను ఇటునటు కొంచెము వంచి, బుడగలను బయటికి పోనిచ్చినచో నీరు అందుకొనును. గాలిపంపుతో నడచు స్పాంజి ఫిల్టరులో మాత్రము రోగములు వేరు. అందు గాలిబుడగలే నీటిని పైకి లాగును. బుడగలు తగ్గినచో గాలిరాయి రంధ్రములు మూసికొనియుండవచ్చును, లేదా గాలిపంపులోని రబ్బరుపొర చినిగియుండవచ్చును. ఈ గాలిపంపును నీటిమట్టమునకు పైనుంచవలెను. లేనిచో గాలిగొట్టమునకు ఒకవైపే తెరచుకొను వాల్వునైన బిగింపవలెను. అట్లు చేయకున్నచో, కరెంటు పోయినపుడు తొట్టినీరు గొట్టమువెంట దిగివచ్చి పంపును ముంచును.

దోషము స్పాంజిదే యని తేలినదనుకొందము. మేము పొరపడిన చోటు ఇదియే. దానిని కడుగవలసినదే; లేనిచో నీరు నడువదు. కాని కుళాయి క్రింద కాదు. తొట్టినుండి ఒక బకెట్టు నీరు తీసి, ఆ నీటిలోనే స్పాంజిని మూడు నాలుగు మారులు మెల్లగా నొక్కి వదలవలెను. ఒండ్రు, మురికి వదలిపోవును, జిగురుపొర నిలిచియుండును. స్పాంజి మరల తెల్లబడవలెనని కోరరాదు. గోధుమరంగు దాని ఆరోగ్యపు రంగు. స్పాంజియు పింగాణి ముక్కలును రెండును ఉన్నచో రెంటిని ఒకేనాడు ముట్టరాదు. ఈ వారము ఒకటి, రెండు మూడు వారముల తరువాత మరియొకటి. సబ్బును దరిచేరనీయరాదు. కుళాయి నీటిని తొట్టిలో పోయవలసివచ్చినచో, అందలి క్లోరిను పోవుటకు దానిని మూతలేని బకెట్టులో ఒకదినము నిలువ యుంచవలెను. వరదకాలపు నీటిని పేటవేయుటయే కాక, ఒకరాత్రి కదల్పక యుంచి, పైతేటను మాత్రము గుడ్డతో వడకట్టి పోయవలెను. ఆ ఒండ్రు ఫిల్టరును చేరకముందే ఆగిపోవును.

మావలె ఇప్పటికే పొరపాటు చేసినవారు నిరాశపడనక్కరలేదు. మేత వేయుట ఆపివేయవలెను. మేత తగ్గిన అమ్మోనియాయు తగ్గును. ప్రతిదినము తొట్టినీటిలో నాల్గవవంతు తీసి, అంతే వెచ్చదనము గల, క్లోరిను పోయిన నీటిని చేర్పవలెను. గాలిబుడగలను పెంచవలెను. ఆరోగ్యమైన తొట్టి గల స్నేహితులుండినచో, వారి పాత స్పాంజి ముక్కనొకటి అడిగి తెచ్చి మన ఫిల్టరులో నుంచవలెను. పెరుగు తోడువంటిది అది. ష్లోసింగు, మ్యుంట్సు కలిపిన తోటమట్టి నీరును అదే పని చేసినది. మేము ఇట్లు చేసియే మిగిలిన బంగారు చేపను, పరకలను నిలుపుకొంటిమి. తొట్టి కుదుటబడుటకు నెలకు పైగా పట్టినది.

కరెంటును గూర్చి ఒక్కమాట. గాలివానలకు తీగలు తెగు మన్యపు గ్రామములలో ఫిల్టరు గంటలకొలది ఆగిపోవుట క్రొత్త కాదు. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు కరగగా, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించదు. కావున వేసవిరాత్రి కరెంటు పోయినచో తొట్టికి రెండింతలు కష్టము. కొరమేను వంటి చేప నీటిపైకి వచ్చి గాలినే పీల్చి బ్రతుకగలదు. తెలంగాణకు రాష్ట్రపు చేపయైన దానికి ఆ శక్తి కలదు. మన పరకలకు ఆ భాగ్యము లేదు. అట్టి సమయమున మేత వేయరాదు. చెంబుతో నీటిని తీసి, జానెడు ఎత్తునుండి మరల తొట్టిలోనే పోయుచుండవలెను. బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు ఇంటనున్నచో మరియు మేలు. మూతడబ్బా ఫిల్టరు చాలగంటలు ఆగియుండినచో, లోపల నిలిచిన నీటిలో ప్రాణవాయువు హరించి, జీవులు చచ్చి, నీరు చెడిపోవును. కరెంటు రాగానే ఆ చెడునీరు తిన్నగా తొట్టిలో పడును. అందుచే మొదట డబ్బాను విప్పి, వాసన చూచి, ఆ నీటిని పారబోసి, తొట్టినీటితో తొలిచి, అటుపిమ్మటనే స్విచ్చి వేయవలెను.

రేడియో పలుకనపుడు మనము వెంటనే దాని గుండెను విప్పము. స్విచ్చి వేసితిమా, ప్లగ్గు వదులైనదా, స్టేషను ముల్లు ప్రక్కకు జరిగినదా యని వరుసగా చూచుకొందుము. ఫిల్టరు విషయమునను ఆ వరుసయే కావలెను. కాని రేడియోకును ఫిల్టరునకును ఒక భేదము కలదు. రేడియోను ఎంత తుడిచినను నష్టము లేదు. ఫిల్టరులో మన కంటికి కనబడని కాపురము ఒకటి కలదు. దాని యింటి వాకిట పేరుకొన్న ఒండ్రును తీయవలెను గాని, ఇంటినే కూల్చరాదు.

మొన్నటి వేసవిలో మా ఇంట నీటి నడక మరల మందగించినది. మా చిన్నది స్పాంజిని పట్టుకొని కుళాయివద్దకు పోబోయినది. వాగునకు పోయి చెలమలో నీళ్ళు ముంచి పెరిగిన మా ఇంటి పెద్దమ్మ దాని చేయి పట్టి ఆపి, "గట్టిగా రుద్దకే తల్లీ, పైపొర తీస్తే చాలు, నీళ్ళు వాటంతట అవే వస్తాయి" అన్నది. ఆమె ఎన్నడును గాజుతొట్టిని కడిగి యెరుగదు. బకెట్టులో తొట్టినీరు తీసి, స్పాంజిని మూడుమారులు నొక్కి బిగించితిమి. లీటరు పాత్ర మరల పదమూడు సెకండ్లలో నిండినది. చేపలు మాత్రము ఏమియు జరుగనట్లు తమ దారిన తాము తిరుగుచుండెను.